తొమ్మిది గోత్రం

ఇప్పుడు గోత్రాలు పోయి నంబర్లు వచ్చాయి. ప్రతి మనిషికీ సర్కారు వారు ఎప్పుడో బారెడు నంబరు ఇచ్చారు, నచ్చింది ఏరుకోనిచ్చారు. ఒకటి కాక వేరే సంఖ్య ఏదైనా ఇద్దరి నంబర్లనూ శేషం లేకుండా భాగిస్తే వాళ్ళది ఒకే గోత్రమట, పెళ్ళి కుదరదట. ఈ రూలు పోయిన నెలే వచ్చింది.

మా మనవరాలు హిమజ, ఎదురింటి ప్రణీత్ ఇష్టపడ్డారు. వాళ్ళని వెంటబెట్టుకుని పెళ్ళిళ్ళ ఆఫీసుకు వెళితే మిషను ఎర్రదీపం వెలిగించింది.

“ఇద్దరి నంబర్లనూ తొమ్మిది భాగిస్తోంది మామ్మగారూ,” అన్నాడు గుమాస్తా శేషుబాబు.

హిమజ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“బండి నంబరైనా కూడితే తొమ్మిది రావాలనే ఊరు కదా మనది! వీళ్ళ బారసాలల్లోనూ అంకెలు కూడి కూడి, చివరికి తొమ్మిది వచ్చిన నంబర్లే ఏరుకున్నాం,” అన్నాను.

“అలా వస్తే తొమ్మిది భాగించి తీరుతుందండీ.”

“ఇంత పొడుగుదాన్నా?”

“ఎంత పొడుగుదాన్నైనా.”

నాకు తల తిరిగింది. “మా ఆయనదీ నాదీ తొమ్మిదే నాయనా. ఇన్నేళ్ళూ అన్నాచెల్లెళ్ళమా? నీదీ మీ ఆవిడదీ కూడా తొమ్మిదేగా, నాకు గుర్తే!”

“మెల్లగా మామ్మగారూ, మిషను వింటుంది!”

శేషు చెమట తుడుచుకున్నాడు. “ఒకటిని వదిలేసినట్టే మన ఊరికి తొమ్మిదినీ, దాని లోపలి మూడునీ వదిలేయమని పైకి రాస్తాను.”

తొమ్మిది లోపల మూడేమిటో అడిగితే, తొమ్మిది భాగించేదాన్ని మూడూ భాగిస్తుందన్నాడు. నాకు అర్థం కాలేదు. వారానికి మిషను పచ్చదీపం వెలిగించింది.

తొమ్మిది మంచిదో చెడ్డదో నాకింకా తెలియడం లేదు. ముహూర్తం మాత్రం తొమ్మిదింటికే పెట్టించాను.