పట్టని పెట్టె

"పట్టదు పెద్దాయనా. అది కొత్త మోడల్ బండిది, మీది పాత మోడల్. మధ్యలో ఒక తరం తేడా ఉంది," అన్నాడు మేస్త్రి.

"పట్టించు," అన్నాడు పెద్దాయన.

షెడ్డు నేలమీద, గోనెపట్టా మీద, మట్టికొట్టుకుపోయిన ఇనుప పెట్టె ఒకటి కూర్చుని ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండ్లలో ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు అది. పెద్దాయన కొడుకు బండిలోది. ఆర్నెల్ల కిందట కొండదారి దిగుతూ ఆ బండి లోయలో పడింది. బండితోపాటే కొడుకూ పోయాడు. తుక్కును అమ్మేస్తూ ఈ పెట్టె ఒక్కటి విప్పించి తెచ్చుకున్నాడాయన. తన పాత బండిని తాడు కట్టి లాగించుకొచ్చి, అరిగిపోయినదాన్ని తీసి ఇది బిగించమంటున్నాడు.

"వారం టైమివ్వండి. మీ మోడల్‌దే మంచిది వెతికి తెస్తా."

"నాకు వాడిదే కావాలి. వాడి బండికి దాన్ని బిగించింది నువ్వేగా?"

"నేనేనండీ."

"మరింకేం? ఆ చేత్తోనే నాకూ బిగించు. నేనిక్కడే కూర్చుంటా."

ఆయన స్టూలు లాక్కుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, చుక్క ముట్టకుండా రిటైరైన మనిషి. ఓపికకేం కొదవ లేదు.

మేస్త్రి ప్రాణం గిలగిల్లాడింది. ఆ పెట్టె కొత్త మోడల్‌ది కానే కాదు. కొత్తది దొరక్క పాత మోడల్ పెట్టెనే ఆ కుర్రాడి బండిలో ఇరికించి, కొత్తదే వేశానని బొంకాడు. ఇప్పుడది ఈ పాత బండిలో చక్కగా కూర్చుందంటే బొంకు బయటపడుతుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చేస్తున్న పని చెడిపోవాలని మొక్కుకున్నాడు.

బండి కిందికి దూరి, కావాలనే పెట్టెను ఓరగా పట్టి ఎత్తాడు. అయినా అది పుట్టింటికొచ్చిన ఆడపడుచులా చనువుగా వెళ్ళి కూర్చుంది. బోల్టు రంధ్రాలన్నీ ఎదురెదురుగా నిలబడ్డాయి. మేస్త్రి గబగబా బయటికొచ్చి, గ్రైండర్ వేసి, బల్లమీదున్న పాత కడ్డీ మీద నిప్పురవ్వలు లేపాడు.

"ఏం కోస్తున్నావ్?"

"పెట్టె అంచు కొంచెం అడ్డొస్తోందండీ."

"పెట్టె బండి కింద ఉంటే, చప్పుడు బల్ల దగ్గర్నించి వస్తోందేం?"

మేస్త్రి గ్రైండర్ ఆపేశాడు. తేలు కుట్టిన దొంగలా మళ్ళీ బండి కిందికి దూరాడు.

"వాడు ఎలా పోయాడో నాకు తెలుసులేవయ్యా," అన్నాడు పెద్దాయన ఉన్నట్టుండి. "పైకి అనను. అంతే."

స్పానర్ జారి మేస్త్రి ఛాతీ మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. కుర్రాణ్ణి కాటికి సాగనంపిన రోజు, జనంలో పెద్దాయన ఎక్కడా కనబడకపోతే, ఆ మొహం చూసే పని తప్పిందని సంబరపడ్డాడు. ఇప్పుడా మొహం నాలుగడుగుల దూరంలో ఉంది.

సాయంత్రానికి పని పూర్తయింది. పెద్దాయన లేచి, కర్ర ఆనించుకుంటూ వచ్చి, తాళంచెవి మేస్త్రి చేతిలో పెట్టాడు.

"నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటా. కొండ దిగొద్దాం."

"కొండెందుకండీ? ఇక్కడే రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి చూద్దాం."

"కాదు. వాడు దిగిన దారే."

మేస్త్రి బల్ల అడుగు సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన ఇనుప బిళ్ళ ఒకటి తీసి పెద్దాయన ముందు పెట్టి, అక్కడే కూలబడ్డాడు.

"కొట్టి చంపండి, కానీ ఇలా చంపకండి. ఆ పెట్టె పాత మోడల్‌దే. పొట్టిది. వెనక చక్రాలకు పోయే షాఫ్టు రెండంగుళాలు అందలేదు. కొత్త షాఫ్టు చేయించాలంటే, ఇస్తానన్న రోజుకి ఇవ్వలేను. మాట పోతుందని మధ్యలో ఈ బిళ్ళ పెట్టి బిగించేశా. దిగుడులో షాఫ్టు ఊడి, గిర్రున తిరుగుతూ బ్రేకు పైపు తెంపేసింది. ఆ రోజు లోయలో బండిని చూడగానే నాకర్థమైంది. ఎవరూ చూడకముందే బిళ్ళ తీసి దాచేశా. మీవాడి తప్పేం లేదు. మీకన్నీ తెలిసి కూడా పొద్దున్నుంచీ..."

పెద్దాయన వంగి, నేలంతా తడిమి బిళ్ళ అందుకున్నాడు. దాని అంచు చుట్టూ వేలు తిప్పి చూశాడు.

"నాకేం తెలుసయ్యా? నాకు కళ్ళు ఆనవు. వాడు పడిన చోటుకి ఒక్కసారైనా పోదామని నిన్ను నడపమన్నా." ఆయన బిళ్ళను గుప్పిట్లో పట్టుకున్నాడు. "బండిలో లోపమేం లేదు, తాగి తోలి ఉంటాడని ఆ రోజు నువ్వే అన్నావుగా... ఆ మాట నమ్మే, నా కొడుకు ఆఖరి చూపుకి కూడా వెళ్ళలేదు నేను."