అద్దానికి ఆధారం

దొంగతనం చేశానని రాజ్యమ్మగారికి ఏ కోశానా అనిపించలేదు. తమ ఇంటి రవ్వల దుద్దుల్ని తమ ఇంటి గోడలోనే దాచారు. దాన్ని దొంగతనమంటే, బీరువాకి తాళం వేసుకునే వాళ్లందరూ దొంగలే.

తప్పంతా కోడలిది. అత్తగారి నుంచి తనకీ, తన నుంచి కోడలు దుర్గాభవానికీ దిగిన దుద్దులవి. ఆ పిల్ల ఒక్కనాడూ వాటిని దుద్దులనలేదు. ‘నా డైమండ్ స్టడ్స్’ అనేది. పోనీ, ఎలా పిలిస్తేనేం? తాడేపల్లిగూడెంలో చెల్లెలి పెళ్లికి పెట్టుకోమని ఇస్తానందే, అక్కడొచ్చింది చిక్కు. గూడెం వెళ్లిన వస్తువు తిరిగి ఏలూరు రావడం రాజ్యమ్మగారు ఎరగరు. ఆవిడ ఇత్తడి గంగాళం ఒకటి ఇప్పటికీ అక్కడే పెళ్లిళ్లు చేయిస్తోంది.

హాలుకీ ఆవిడ గదికీ మధ్య కిందటేడు సుద్దలా పొడి రాలే జిప్సం బోర్డుతో అడ్డుగోడ పెట్టించారు. లోపలంతా డొల్ల. టీవీ వైరు కోసమని దానికో ప్లాస్టిక్ పెట్టె బిగించి, వాడకుండా వదిలేశారు. ఉండి ఊళ్లో జ్ఞాతి ఒకాయన పోయి ఇంట్లో మైల. దేవుడి గది తలుపు మూసేసి ఉంది. రాజ్యమ్మగారికి తీరికే తీరిక. పెట్టె మూత విప్పి, దుద్దుల్ని గుడ్డలో మూటకట్టి, దారంతో గోడ లోపలికి జారవిడిచారు. దారం కొస పెట్టెలోనే ముడేసి మూత బిగించారు. పెళ్లి దాటాక పైకి లాక్కుంటే సరి.

ఇటు తిరిగేసరికి ఎదురుగా దుర్గ.

“కొంగు మీద ఆ తెల్లపొడి ఏంటండీ, అత్తయ్యగారూ?”

“ముగ్గుపిండిలే,” అని దులిపేసుకున్నారు.

“అలాగాండీ,” అనేసి దుర్గ తన పనిమీద తను వెళ్లిపోయింది.

దుద్దులు పోయాయని తెలిశాక ఇంట్లో అందరూ అందరి వంకా చూసుకుని, చివరికి చూపులన్నీ పనిమనిషి సత్యవేదం దగ్గర ఆపారు. ఆ పేరు ఎత్తింది రాజ్యమ్మగారు కాదు, కొడుకు కృష్ణచైతన్య. ఆవిడ కాదనలేదు, అంతే. సోమవారం స్టేషనుకెళ్లి కంప్లయింటు ఇస్తానన్నాడతను. సత్యవేదం ఏడ్చింది. మర్నాడు మళ్లీ పనిలోకొచ్చింది. మానేస్తే తనే తీసిందంటారని దాని భయం. రాజ్యమ్మగారికి పాపం అనిపించింది. దానికి కాఫీ గ్లాసు నిండా పోయించడం మొదలెట్టారు. అంతకుమించి నోరు తెరవలేదు.

ఈ గొడవల మధ్య, మైల వదిలాక వచ్చిన ఆదివారం, దుర్గకి అద్దం మీద మనసు పోయింది. టేకు ఫ్రేములో నిలువెత్తు అద్దం. ఇద్దరు మోస్తే గాని లోపలికి రాలేదు. దాన్ని సరిగ్గా ఆ ప్లాస్టిక్ పెట్టె ఉన్న చోటే పెట్టాలంది.

రాజ్యమ్మగారు అడ్డం పడ్డారు. ఆ అట్టగోడ అంత బరువు మోయదన్నారు. పడి ఎవరి నెత్తినో పగిలితే అనర్థమన్నారు. అసలు ఇంట్లో అద్దం పగిలితేనే అరిష్టమన్నారు. గోడ పెట్టిన అబ్దుల్ గారినే పిలిచానని దుర్గ నెమ్మదిగా చెప్పింది.

అబ్దుల్ వస్తూనే రాజ్యమ్మగారి మాటకే ఓటేశాడు. ఉత్త బోర్డుకి మేకు కొడితే ఇవాళ నిలబడుతుంది, రేపు గోడముక్కతో సహా ఊడొస్తుందన్నాడు. బోర్డు వెనక గొడుగులా విచ్చుకునే స్క్రూలున్నాయి గానీ, ఈ బరువుకి అవి మాత్రమే చాలవట.

“బోర్డుని నమ్ముకోకూడదండి. లోపలున్నదాన్ని పట్టుకోవాలి.”

లోపలున్నది అనగానే రాజ్యమ్మగారు లేచి తన గదిలోకి వెళ్లిపోయారు. వెనకాలే దుర్గ మాట వినబడింది.

“దొరగ్గానే గట్టిగా చెప్పండి అబ్దుల్ గారూ. నేను వంటింట్లో ఉంటాను, కుక్కరు మోతలో వినబడదు.”

గోడకి అవతల అబ్దుల్ వేలితో తడుతున్నాడు. ఇవతల మంచమ్మీద రాజ్యమ్మగారు వింటున్నారు. డొల్లచప్పుడు ఒక్కో జానే దగ్గరికొస్తోంది. అయస్కాంతంతో గోడని రాస్తున్న శబ్దం. తర్వాత ఏ చప్పుడూ లేదు.

“అమ్మగారండీ, స్టడ్ దొరికిందండీ. రెండోది కూడా ఈ పక్కనే ఉండాలండీ.”

రాజ్యమ్మగారికి తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి. కోడలి పుణ్యమే. కాళ్లు ఎలా నడిచాయో, హాల్లోకొచ్చి పడ్డారు.

“దుర్గా, నేనేనే తీసింది. గూడెం వెళ్తే తిరిగి రావని. సత్యవేదానికేమీ తెలీదు, దాన్నేమీ అనకండి.”

కృష్ణచైతన్య చేతిలోని ఫోను కిందికి దిగింది. వంటింటి గుమ్మంలో దుర్గ వెనకాల సత్యవేదం, మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడిపోయింది. అబ్దుల్ అయస్కాంతం పట్టుకుని అందరినీ మార్చి మార్చి చూశాడు.

“స్టడ్ అంటే గోడలో నిలువుగా ఉండే ఇనప కమ్మీ అండి. అద్దం స్క్రూ దాన్లోకే కదండి దిగాల్సింది. మరి మీరు తీసిందేటండి, పెద్దమ్మగారూ?”

సత్యవేదం చేతులు కొంగుకి తుడుచుకుంది. నెమ్మదిగా వచ్చి, మొట్టమొదటిసారి, ఆ ఇంటి సోఫాలో కూర్చుంది. లెమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒక్క ఇంగ్లీషు ముక్క కొంప ముంచిందనీ, అంతా తన ఖర్మ అనీ రాజ్యమ్మగారు నుదురు కొట్టుకున్నారు.

“మరి అద్దం బిగించెయ్యమంటారాండి?” అన్నాడు అబ్దుల్.

“వద్దండి,” అంది దుర్గ. “అది పక్కింటి హమీదా గారిది. జాగ్రత్తగా వాళ్లకిచ్చేయండి.”

రాజ్యమ్మగారి చెయ్యి నుదుటి మీదే ఆగిపోయింది.

“అంటే, నీకు ముందే తెలుసా?”

దుర్గ ప్లాస్టిక్ పెట్టె మూత విప్పుతూ, తల తిప్పకుండానే అడిగింది.

“మైల్లో ముగ్గు ఎవరు పెడతారండీ, అత్తయ్యగారూ?”