ఆర్హెమీరో తెర మీద ఎరుపు

మెదెయీన్‌లో రెండు స్థానిక ఫుట్‌బాల్ జట్ల మ్యాచ్ రోజున ఊరు సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. నా కళ్లకు ఆ రెండూ ఒకటే. అందుకే మా ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాముల అక్షరాలకు అందరూ పెట్టుకునే రంగులు తీసేసి, నేను లావు అక్షరాలు, వాలు అక్షరాలు, కింద గీతలు పెట్టుకున్నాను.

"ఏం విల్మార్, శుభలేఖ రాస్తున్నావా? పెళ్లెవరికిరా?" అంటూ మా సీనియర్ ఆర్హెమీరో మూడేళ్లు అందరినీ నవ్వించాడు.

ఆయనకు పచ్చ జట్టంటే ప్రాణం. తెర మీద అక్షరాలూ పచ్చగానే ఉండాలి. పోయిన సోమవారం ఆయన కాఫీకి వెళ్లినప్పుడు ఆ పచ్చనంతా ఎరుపు చేశాను. కంప్యూటర్లో రంగులకు అంకెలుంటాయి, కళ్లతో పనిలేదు. శత్రు జట్టు రంగు చూసి ఆఫీసు పీకి పందిరేస్తాడనుకున్నాను.

ఆయన వచ్చి తన పని చేసుకున్నాడు. మర్నాడూ అంతే. శుక్రవారమూ అంతే. ఆయన తెర చూసినవాళ్లు, ఏదో పందెం ఓడిపోయి ఆ ఎరుపు పెట్టుకున్నాడనుకున్నారు.

ఈ రోజు మ్యాచ్. పచ్చ చొక్కాలో వస్తూనే, "ఒరేయ్, నీ చొక్కా రంగేమిటో ఎవర్నడిగి వేసుకొచ్చావురా?" అని అరిచాడు. అందరూ పగలబడి నవ్వారు.

నేను లేచి వెళ్లి ఆయన చెవిలో అడిగాను. "మరి మీది ఎవరు తీసిచ్చారన్నా? వారం నుంచి మీ తెర ఎర్రగా ఉంది."

ఆయన తెర వైపు ఓసారి చూసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

"మా ఆవిడ," అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని గొణిగాడు. "ఆ శుభలేఖేదో నాక్కూడా పెట్టివ్వరా."

"గట్టిగా అడగండన్నా," అన్నాను. "వెనకవాళ్లకి వినపడలేదు."