పేజీ లేని ఫంక్షన్

“బాబాయ్, నీ సిస్టమ్ లైబ్రరీలో ఈ ఫంక్షన్ ఉన్నట్టా, లేనట్టా? కంపైలరేమో సరేనంటుంది. ముక్కలన్నీ కలిపే లింకరేమో ఆ పేరే ఎరగనంటుంది!”

ఔలు ఊళ్ళోని సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాక, హెల్కా పక్క బల్ల దాకా వచ్చి అడగడం అదే మొదలు. వారమంతా ఒక్కతే కుస్తీ పట్టింది. ప్రోగ్రామ్ పూర్తికాకపోతే సాయంత్రం రైలు తప్పినట్టే, నడివేసవి పండగ పోయినట్టే.

ఆ లైబ్రరీ రాసిన ఇల్మో తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“లింకరుకిచ్చే వరసలో లైబ్రరీ పేరు ఎక్కడ పెట్టావు?”

“అన్నిటికంటే ముందు. మర్యాదగా!”

“దానికి మర్యాదెందుకే? నీ ఫైలు పేరు తర్వాత పెట్టు. ఎవరైనా అడిగితేనే అది వెతికిపెడుతుంది.”

పెట్టింది. ఒక్క తప్పూ రాలేదు.

“ఈ చిన్న ముక్క రాసిపెడితే నీ సొమ్మేం పోయేది? అన్ని ఫంక్షన్లకూ ఎలా వాడాలో చెప్పే పేజీలున్నాయి, దీనికే లేదు!”

ఇల్మో కిటికీ వైపు చూశాడు.

“అన్నిటికీ రాసేశాక నా బల్ల దగ్గరికి రావడమే మానేశారు. ఒక్కటి వదిలేస్తే ఎవరైనా వస్తారనుకున్నా. మనవాళ్ళు సోర్సు కోడంతా తవ్వుకుంటారు గానీ, నోరు విప్పరే!”

హెల్కా నవ్వబోయి ఆగింది. అతని ఎదుటి కుర్చీ మీది కేబుళ్ళు కింద పెట్టి, అక్కడే కూర్చుని ఆ పేజీ రాసింది.

“లైబ్రరీ పేరు చివర పెట్టాలి. ఎందుకో ఇల్మో చెబుతాడు. కాఫీ పట్టుకెళ్ళండి.”

అది చదివిన ఇల్మో చెవులు ఎర్రబడ్డాయి.

“ఇదే ఫంక్షన్‌తో కుస్తీ పడుతూ సెలవుకెళ్ళిన మన టౌనోకి ఫోన్ చేసి ఇది చదివి వినిపించవే. పాపం, అక్కడా కోడు తవ్వుతూనే ఉంటాడు.”