తొట్టిలో పదిహేడుగురు

"ఏమండీ, పిల్లలు పుట్టారు!"

ఫోన్లోంచి వచ్చిన ఆ కేకకి ఆఫీసులో పక్క సీటాయన కూడా తలెత్తాడు.

"ఎంతమంది?" భర్త కుర్చీలోంచి లేచాడు.

"పదిహేడు! రెండుసార్లు లెక్కపెట్టా. కళ్ళూ తోకా తప్ప ఇంకేం లేదు. అచ్చం మీలాగే, ఒక్కచోట నిలవట్లేదు."

పెళ్ళయి మూడు నెలలు. ఈ వాటాలో దిగిన రోజు సాయంత్రం ఇద్దరూ బజారుకెళ్ళి వచ్చేసరికి గుమ్మం ముందు ఓ గాజు సీసా, అందులో రెండు బుల్లి చేపలు. ఎవరు పెట్టారో తెలియదు. స్నేహితులందర్నీ అడిగారు.

"మేం కాదు, మాది గోడ గడియారం," అన్నారందరూ. నిజమే, ఇంట్లో అయిదు గోడ గడియారాలున్నాయి.

చేపల కోసం గాజు తొట్టి కొన్నారు. నిన్న ఆదివారం అతను ఊరి చివరి కుంటలోంచి ఓ పచ్చటి నీటి మొక్క పీక్కొచ్చి తొట్టి ఇసుకలో నాటాడు.

"పూలు తేవచ్చుగా?" అంది.

"పూలు వాడిపోతాయి. ఇది పెరుగుతుంది."

ఆ మాటకి ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ మర్నాడే ఈ కబురు!

మంగళవారం లెక్కపెడితే పదమూడు.

"తండ్రి పనే. ఆ చూపే బాగాలేదు," అంది. తండ్రి చేప సీసాలోకి పోయింది.

బుధవారం పది.

"తల్లులు కూడా తింటాయట," అన్నాడతను భయంభయంగా.

"ఛీ, కన్నతల్లా!" అంటూనే తల్లిని తీసి బకెట్లో వేసింది.

గురువారం ఎనిమిది.

ఆ పొద్దున్నే దోమల మందాయన తలుపు తట్టాడు. వీపున డబ్బా, చేతిలో గరిటె, నడుముకి టార్చి. నీళ్ళు నిలవున్న చోటల్లా చూసి మందు పోయడం ఆయన ఉద్యోగం. ఆయనంటే ఆమెకి హడల్. తొట్టిలో ఎక్కడ పోస్తాడోనని ఎప్పుడూ తలుపు సగమే తీసేది.

"చేపలు బాగున్నాయా అమ్మా?" ప్రతి వారం ఇదే మొదటి ప్రశ్న.

"మందు పోసేవాళ్ళకి చేపలతో పనేంటండీ? మా ఇంట్లో దోమల్లేవు."

ఆయన తలుపు సందులోంచే తొట్టి చూశాడు. మొహం విప్పారింది.

"పిల్లలు పెట్టిందే! మరి తల్లీ తండ్రీ ఏరమ్మా?"

"జైల్లో ఉన్నారు. పిల్లల్ని తినేస్తున్నారు."

"వాళ్ళు కాదేమోనమ్మా. ఆ మొక్క కొత్తదిలా ఉంది. కుంటలోదైతే దాంతోపాటు ఇంకోడు వచ్చుంటాడు. మొక్క మొదట్లో టార్చి వేసి చూడు. కావాలంటే నేనే..."

"అది మా ఆయన తెచ్చిన మొక్కండీ!"

తలుపు ధడాలున మూసుకుంది.

ఈ సంగతి భర్తకి చెప్పలేదు, చిన్నబుచ్చుకుంటాడని. తనూ మొక్క జోలికి పోలేదు.

సోమవారానికి అయిదు.

ఇక ఆగలేక టార్చి తీసింది. మొక్క మొదట్లో ఓ ఎండుటాకు ముక్క, వేలి కణుపంత. ఆకుకి ఆరు కాళ్ళున్నాయి! ఓ చేపపిల్ల పక్కనించి వెళ్ళిందో లేదో, ఆ ఆకు మూతి ముందుకి చాచి లటుక్కున పట్టేసింది.

నాలుగు.

ఏడుస్తూనే టీ వడపోతతో దాన్ని పట్టింది. సాయంత్రం అది చూసి భర్త మొహం వెలవెలబోయింది.

"తూనీగ పిల్ల. రెక్కలొచ్చేదాకా నీళ్ళలోనే ఉంటుంది. నా మొక్కతోనే వచ్చింది కదూ?"

"మొక్క మంచిదేనండీ. వెంటొచ్చిన చుట్టమే మంచిది కాదు."

ఇద్దరూ వెళ్ళి దాన్ని కుంటలో, పుట్టింట్లో దించి వచ్చారు. తల్లీ తండ్రీ జైలు నుంచి విడుదలయ్యారు. అనుమానం పూర్తిగా పోక తొట్టి మధ్య వలగుడ్డ అడ్డం కట్టింది.

మంగళవారం నాలుగు. బుధవారం కూడా నాలుగే!

గురువారం పొద్దున్నే తలుపు బార్లా తీసి, టీ పెట్టి కూర్చుంది. వచ్చింది ఆయన కాదు. అదే డబ్బాతో ఓ నడివయసావిడ.

"ఆయన రిటైరయ్యారమ్మా. పోయిన గురువారమే ఆఖరి రోజు."

తను వేసిన తలుపు చప్పుడు ఆమెకి మళ్ళీ వినిపించింది.

ఆవిడ తిన్నగా తొట్టి దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి చూసింది.

"అమ్మయ్య, ఉన్నాయి. చూసి రమ్మని మరీ మరీ చెప్పారు."

"ఆయనెందుకు అడుగుతున్నారు?"

"ఆయన చేపలేగా! ఇవి దోమపిల్లల్ని తింటాయి. మందు పొయ్యాలంటే ఆయనకి చేతులాడేవి కావు. అందుకే ఇంట్లో వీటిని పెంచి, వీధిలోకి ఎవరు కొత్తగా దిగినా ఓ సీసా ఇచ్చేవారు, నీళ్ళ డ్రమ్ములో వేసుకోమని. మీరప్పుడు ఇంట్లో లేరట, గుమ్మంలో పెట్టి వచ్చారు. మీరేమో డ్రమ్ములో వెయ్యకుండా ఇంత వైభోగంగా పెంచుతున్నారని మా అందరికీ చెప్పి ఒకటే మురిసిపోయేవారు."

ఆమె తొట్టిలోకి చూసింది.

"ఇప్పుడు ఆయన దగ్గర ఎన్నున్నాయి?"

"ఎక్కడివమ్మా? మీకిచ్చిందే ఆఖరి జంట. ఖాళీ తొట్టి పెట్టుకుని కూర్చున్నారు."

"ఇల్లెక్కడ?"

ఆవిడ చెప్పింది. ఆమె గోడ గడియారం డబ్బా మీద రాసుకుంది. టీ ఆవిడకిచ్చి ఫోన్ తీసింది.

"ఏమండీ, రేపు సెలవు పెట్టండి."

"ఎందుకు? ఏమైంది?"

పక్క సీటాయన మళ్ళీ తలెత్తాడు.

"రేపు పిల్లల్ని వాళ్ళ తాతగారింటికి తీసుకెళ్ళాలి."