నాలుగో ప్రశ్న

ఆ రోజుల్లో చైనాలో ఇంగ్లీషు అభ్యాస పాఠాలు మనుషులెవరూ రాసేవారు కాదు. పిల్లలకు ఆసక్తి కలగాలని, ఇంట్లో వినబడిన మాటల్నే ఆ ఇంటి గోడమీది యంత్రం రోజుకో ఇంగ్లీషు కథగా మలిచి, కింద ప్రశ్నలు చేర్చి ఇచ్చేది. పిల్లలు జవాబులు రాయాలి, తల్లులు సంతకం పెట్టాలి.

గుయ్‌లాన్‌కు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మార్కులు చూసి సంతకం పెట్టేది.

తన తల్లి పోయి పన్నెండు రోజులైనా కూతురు యూతోంగ్‌కు ఆమె చెప్పలేదు. కాలేజీ ప్రవేశపరీక్ష అయ్యేదాకా పిల్లల చెవిన చావుకబురు వెయ్యకపోవడం ఆ వీధిలో అందరూ పాటించేదే. వంటింట్లో భర్త దగ్గర మాత్రం గొంతు తగ్గించి చెప్పుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం కాగితం చూసి, "నాలుగో ప్రశ్న వదిలేశావేం తల్లీ?" అంది.

"ఇచ్చిన నాలుగు జవాబులూ సరైనవే అనిపించాయమ్మా."

"ఏమడిగారు?"

యూతోంగ్ తలెత్తలేదు. "అమ్మమ్మ చనిపోయిందని తల్లి కూతురికి ఎందుకు చెప్పలేదు, అని. పన్నెండు రోజులుగా ఆ కథే వస్తోంది. నువ్వు సంతకం పెడుతూనే ఉన్నావు."

గుయ్‌లాన్ ఏదో చెప్పబోయి గోడవైపు చూసింది. ఇప్పుడేం చెప్పినా అది రేపటి పాఠమవుతుంది.

రోజూ పెట్టే చోటే సంతకం పెట్టింది.