అధ్యక్షుడి జవాబు

"కాగితంలో ఉండేదే అడగాల నేత్రా. ఒక్క మాట ఎక్కువ వద్దు, తక్కువా వద్దు" అంటూ ప్రొఫెసర్ శశికళ ఆమె చేతిలో కాగితం పెట్టింది.

యువతరం, నాయకత్వం అంటూ రెండు వాక్యాలు. కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన ప్రశ్న.

"ఇది నా ప్రశ్న కాదు మేడమ్."

"కాదు. నీ సీటు మాత్రం నీదా? నీ ఫీజు కట్టేదీ ఆ కంపెనీనే, ఈ భాషణాలు పెట్టిస్తాండేదీ వాళ్లే." శశికళ గొంతు తగ్గించింది. "మీ ఊరి సంగతి నాకు తెలీదనుకోవద్దు. ఈ పొద్దు మాత్రం వద్దమ్మా."

చిక్కబళ్లాపురం దాటాక కొండల కింద ఉన్న ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయానికి ఏటా ఎవరో ఒక ప్రపంచ నాయకుడు వచ్చి మాట్లాడతాడు. నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు చేసే కంపెనీ ఆ ఖర్చంతా పెట్టుకుంటుంది. ఈసారి వచ్చినవాడు దక్షిణ అమెరికాలో ఒక చిన్న దేశానికి మాజీ అధ్యక్షుడు. ఎనభై దాటినవాడు. స్పానిష్ తప్ప మరో భాష రాదు. ఆ హాలు మొత్తంలో ఆ భాష తెలిసింది అక్షత ఒక్కదానికే. చింతామణి అమ్మాయి. బెంగళూరులో స్పానిష్ చదువుకుంది. ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి, మనవాళ్ల మాటలు ఆయన చెవిలో వేయడానికి కంపెనీ ఆమెను పిలిపించింది; నేత్ర అడగాల్సిన ప్రశ్న కాగితం ఆమెకూ ముందే ఇచ్చింది.

ఉపన్యాసం అయిపోయింది. మైకు నేత్ర దగ్గరికి వచ్చింది. ముందు వరసలో కంపెనీ పెద్ద అధికారి వెంకటాచలపతి వెనక్కి తిరిగి, అడుగమ్మా అన్నట్టు నవ్వాడు.

నేత్ర కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

"సర్, మాది బాగేపల్లి పక్క పల్లె. మా ఊరి అంచున మీ సభ పెట్టించిన కంపెనీ ఫ్యాక్టరీ ఉంది" అని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అమ్మ మాట వచ్చేసరికి తెలుగులోకి జారిపోయింది. "వాళ్ల బోర్లు పడినాక మా బోరు ఎండిపోయింది. మల్బరీ తోట ఎండిపోయింది. ఇంట్లో పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచి, నాలుగో జ్వరం దాటి ఉండాయి. అవి ఆకు తినాల్సిన టైము. యాడా ఆకు దొరకలేదు. తట్టల్లో తలలెత్తి చూస్తా ఉన్నాయి సర్, అన్నీ. మా అమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు బతికుండంగానే గుంతలో పోసి మన్ను కప్పింది. ఆ పొద్దునుంచి సరిగ్గా అన్నం తినలేదు. మేము ఎవర్ని అడగాల సర్?"

అక్షత నేత్రనే చూస్తూ ఉండిపోయింది. వెంకటాచలపతి గట్టిగా గొంతు సవరించుకున్నాడు. అప్పుడు అక్షత వంగి ముసలాయన చెవిలో ఏదో చెప్పింది.

ఆయన తలూపాడు. చేతులూపుతూ, గుండె తట్టుకుంటూ, మధ్యలో ఒకసారి కిటికీ బయటికి చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. అక్షత మైకు పట్టుకుంది.

"అధ్యక్షులవారు అంటున్నారు... నేను పదవిలో ఉన్నప్పుడు ఒక చెరువు నీళ్లు ఇలాగే ఒక కంపెనీకి రాసిచ్చాను. అక్కడి ఆడవాళ్లు వచ్చి ఇదే మాట అడిగారు. వాళ్ల ముఖం చూడలేక వెనక తలుపు నుంచి వెళ్లిపోయాను. ఈ అమ్మాయికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. సిగ్గు ఉంది. జవాబు చెప్పాల్సినవాళ్లు ముందు వరసలో ఉన్నారు."

నేత్ర నిలబడే వెక్కివెక్కి ఏడ్చింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా లేచింది. వెంకటాచలపతి కూడా లేవక తప్పలేదు. విచారణ జరిపిస్తామని కెమెరాల ముందు రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. ముసలాయన అందరితో కలిసి సంతోషంగా చప్పట్లు కొట్టాడు.

బయటికి రాగానే శశికళ ఎదురొచ్చింది. "రేపు మీ అమ్మను పిలుచుకొని రమ్మన్నారు. సీటు సంగతి మాట్లాడాలంట" అంది. తిట్టలేదు. నేత్ర భుజం మీద చెయ్యి వేసి, తీసేసుకుని వెళ్లిపోయింది.

నేత్ర అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, ఒక దేశాన్ని ఏలినాయన మన పురుగుల కథ విన్నాడమ్మా. సిగ్గుపడినాడు."

"ఆయప్పకు అర్థమయిందా?" అంది పుట్టమ్మ.

"అయింది."

"అయితే పోనీలే. ఒకరన్నా విన్నారు. ఈ రాత్రికి ముద్ద చేసుకుంటాలే."

వాకిట్లో కారు పక్కన అక్షత ఒంటరిగా నిలబడి ఉంది. మెడలో ఉండాల్సిన కంపెనీ కార్డు లేదు.

"అక్కా, మిమ్మల్ని తీసేసినారా? నా మాట ఆయనకు చెప్పినందుకే కదా?"

అక్షత తల దించుకుంది.

ఇంతలో ముసలాయన మెట్లు దిగి వచ్చాడు. నేత్ర వంగి ఆయన కాళ్లకు మొక్కింది. ఆయన కంగారుగా లేవనెత్తి, ఆమె ఉబ్బిన కళ్లకేసి చూసి, అక్షత వైపు తిరిగి ఏదో అడిగాడు. అక్షత కారు తలుపు తెరిచి పట్టుకుంది. ఆయన మళ్లీ అడిగాడు.

"ఏమంటాండారు అక్కా? చెప్పండి. మా అమ్మకు చెప్పాల."

అక్షత నేత్ర వైపు తిరిగింది.

"'పొద్దున్నే లేచి పరిగెత్తండి, పెద్ద కలలు కనండి అని నేను చెప్పినదానికి ఈ పాప అంతగా ఎందుకు ఏడ్చింది?' అని అడుగుతాండాడు."